గడియ లేని పాట

మా మావయ్య ఏ పాటకూ చివరి పంక్తి పాడేవాడు కాదు. మరిచిపోయి కాదు, ఊపిరి చాలక అంతకంటే కాదు. పాటను గుమ్మం దాకా తీసుకొచ్చి, టక్కున నోరు మూసుకుని, అరచేత్తో తొడ మీద దరువు వేస్తూ కూర్చునేవాడు. కాసేపటికి ఇంకో పాట ఎత్తుకునేవాడు.

వృత్తికి వడ్రంగి. పడవవాళ్ళ పాటలు, కోతల పాటలు, లాలిపాటలు అన్నీ కలిపి మూడు వందలు నోటికి వచ్చు. మూడు వందలకూ తోకల్లేవు. ఓసారి కార్మికుల సభలో పాడితే, చప్పట్లు ఎప్పుడు కొట్టాలో తెలియక జనం చేతులు గాలిలో పెట్టుకుని కూర్చున్నారు.

"నా దగ్గరా అంతే," అనేది అత్తయ్య. "పెళ్ళికి ముందు 'నువ్వంటే నాకు' అని ఆగిపోయారు. మిగతాది నేనే ఊహించుకుని చేసుకున్నా!"

యాభై ఎనిమిదో ఏట ఒక క్యాసెట్ల కంపెనీ ఆయన్ని పిలిచింది. పన్నెండు పాటల ఆల్బమ్. మావయ్య జీవితమంతా కోరుకున్నది అదొక్కటే. మొదటి పాట అయ్యీ అవగానే, అద్దం వెనక రికార్డింగు ఇంజనీరు చెవుల మీది హెడ్‌ఫోన్ తీసేశాడు.

"చివరి పంక్తి ఏది సార్?"

"అంతే."

"అంతే అంటే ఎలా? వడ్రంగులు కదా మీరు. తలుపు చేసి గడియ పెట్టకుండా ఇస్తారా?"

"లోపలికి రావలసినవాళ్ళు ఇంకా ఉన్నారు బాబూ."

కంపెనీ యజమాని వచ్చాడు. పాడితే ఆల్బమ్, లేకపోతే లేదన్నాడు. వెంట వెళ్ళిన నేను మావయ్య చొక్కా పట్టుకు లాగాను. "మావయ్యా, జన్మకో ఆల్బమ్. పన్నెండు పంక్తులు, నిమిషం పని. నోరు తెరువు."

"తెరవడం తేలికరా. మూసుకోవడమే కష్టం," అని వెంట తెచ్చుకున్న డోలు చంకన పెట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

సగం మెట్లు దిగామో లేదో, వెనక నుంచి యజమాని పరుగెత్తుకొచ్చాడు. ఆ పాట ఆయన నోట్లో ఇరుక్కుపోయింది. "చివర ఏముందో చెప్పి వెళ్ళవయ్యా!"

"క్యాసెట్టు వేస్తే వినండి."

"అందులోనూ ఉండదుగా!"

క్యాసెట్టు వచ్చింది, మావయ్య పట్టుబట్టినట్టే, పన్నెండు పాటలకూ చివరి పంక్తి లేకుండా. ఒక దినపత్రిక "టేపు తెగిందనుకుని పెన్సిలు పెట్టి రెండుసార్లు తిప్పాను" అని రాసింది. ఒక వారపత్రికలో పెద్ద విమర్శకుడు మాత్రం రెండు పేజీలు పరిచాడు: "శూన్యమే ఇక్కడ ఆఖరి చరణం. ఈ మౌనం జానపదుడి అనంతం."

మావయ్య నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు. "ఇంతకీ తిట్టాడా, పొగిడాడా?"

"తెలియడం లేదు మావయ్యా."

"అయితే చివరి వాక్యం చదవకు. నేనే ఊహించుకుంటా."

ఆ విమర్శకుడు ఒక మధ్యాహ్నం ఇంటికే వచ్చి, మౌనానికి మూలమేమిటని అడిగాడు. మావయ్య క్యాసెట్టు పెట్టాడు. పాట గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఉత్త దరువు మిగిలింది.

వంటింట్లోంచి మా అమ్మ అందుకుంది. మావయ్యకు చెల్లెలు. పుట్టు నత్తి, పరాయివాళ్ళొస్తే వంటిల్లు దాటేది కాదు. ఆ పంక్తి మాత్రం ఎక్కడా తడబడకుండా, దరువులో గుమ్మానికి తలుపులా అమరింది. విమర్శకుడి చేతిలో టీ కప్పు సగం దారిలో ఆగిపోయింది.

ఇంట్లో అమ్మ పాటలు పూర్తి చేయడం నాకు కొత్త కాదు. అందుకే ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

"చిన్నప్పుడు బళ్ళో ఎవరో నవ్వారని మాట్లాడటమే మానేసింది," అన్నాడు మావయ్య. "ఆరు నెలలు! ఓ రోజు నేను పాడుతూ చివరి పంక్తి మరిచిపోయాను. ఇది ఉండబట్టలేక పాడేసింది. నత్తి లేదు, ఏమీ లేదు! ఆ రోజు నుంచీ అది దాని వాటా. చెల్లెలి వాటా నేను తింటానా?"

"మరి ఆమె చేతనే పాడించవలసింది!"

"అద్దాల గదిలో పదిమంది ముందు నిలబెట్టనా? ఇంట్లో తనే పాడుకుంటుందని చోటు అట్టేపెట్టా."

మరుసటి వారం విమర్శకుడు ఒక్క ముక్క రాశాడు: "నా అనంతాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఆ క్యాసెట్టు వంటింటి దగ్గర కూర్చుని వినాలి."

మావయ్య పోయి ఏడాదైంది. మొన్న ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ క్యాసెట్టు పెట్టుకున్నాం. పాట గుమ్మం దాకా వచ్చింది. దరువు నడుస్తోంది. వంటింటి గుమ్మంలో అమ్మ ఇంకా మొదలుపెట్టలేదు. అన్న గుర్తొచ్చి పాడలేకపోతోందేమోనని నేను అందుకోబోయాను.

అమ్మ గరిటె ఎత్తింది.

"అ... అ... అది నాది!"