వంటగదిలో చప్పుడు

పోయిన శీతాకాలం, మా స్కూల్లో నాతోపాటు పనిచేసే రజియా కూతురి ఆపరేషన్‌కి హైదరాబాద్ వెళుతూ, ఉయ్యూరు దగ్గరున్న తన ఇంట్లో కొద్దిరోజులు ఉండమని నన్ను అడిగింది. భవానీపురం నుంచి స్కూటీ మీద బయలుదేరాను. కంకిపాడు దాటాక కాలవ గట్టు, చెరుకు తోటలు, చల్లటి గాలి. హుషారుగా చేరుకుని తాళం తీశాను.

వంటగదిలో గిన్నెల చప్పుడు వినిపించింది. వంటగది తలుపుకి బయట గడియపెట్టి, వీధిలోకి పరిగెత్తి "దొంగ, దొంగ" అని అరిచాను. ఇరుగుపొరుగువాళ్లు కర్రలతో వచ్చి గడియ తీశారు. లోపల గరిటె పట్టుకుని ఒక పెద్దావిడ బిక్కచచ్చి నిలబడి ఉంది. ఆవిడ పక్కింటామేనట.

"నువ్వొక్కదానివే వస్తున్నావని రజియా చెప్పిందమ్మా. వేడిగా ఇంత అన్నం వండుదామని, తనిచ్చిన తాళంతో పెరటి తలుపు తీసుకుని వచ్చాను" అంది.

అందరూ నవ్వారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "తప్పయిపోయిందండీ" అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఎందుకర్రా నవ్వుతారు? ఇల్లు చూసుకోడానికి రజియా సరైన మనిషినే పెట్టింది" అంది.

దొంగ అని అరిచిన నన్నే అందరి ముందూ వెనకేసుకొచ్చిన ఆ తల్లిని ఎలా మరిచిపోను?