వెనక్కి పిలవని బజారు

సంగారెడ్డిలో ఎండాకాలం పెట్టే సంతను నా చిన్నప్పుడు మీనా బజార్ అనేవారు. నేను హైస్కూలుకు వచ్చేసరికి ఎగ్జిబిషన్ అయింది. కొన్నేళ్లు ఉత్సవ్ అన్నారు. ఈసారి గేటు మీద లైట్లతో సమ్మర్ ఎక్స్‌పో అని రాశారు. జెయింట్ వీల్ పాతదే, కీచుమనే చప్పుడుతో సహా. మా అమ్మకు ఈ పేర్లేవీ పట్టవు. ఆమెకది ఎప్పుడూ మీనా బజారే.

ఈసారి నేను వెళ్లింది సరదాకు కాదు. అమీన్‌పూర్‌లోని మా ఫ్లాట్‌కు వచ్చిన అమ్మ మామిడికాయలు కొట్టించి, ఉప్పూ కారం కలిపి, నూనె పోశాక చూసింది, పాత జాడీకి పగులు. ముక్కలన్నీ స్టీలు బేసిన్‌లోనే ఉండిపోయాయి.

"స్టీలుల పులుపు ఉంచితే తొక్కు కరాబైతది బిడ్డా. జల్దీ మీనా బజారుకు పోయి జాడీ తీస్కరా. అడిగినంత ఇచ్చి వచ్చినవో, దుకాన్దారు బిడ్డనని ఎవ్వరికి చెప్పకు."

మా నాన్నకు సంగారెడ్డిలో బట్టల దుకాణం ఉండేది. బేరం తెగక గిరాకీ లేచిపోతే ఆపేవాడు కాదు. మెట్లు దిగనిచ్చి, చెప్పులు వేసుకోనిచ్చి, అప్పుడు పిలిచేవాడు. ఆ పిలుపు కోసమే వాళ్లు చెప్పులు నిదానంగా వేసుకునేవారు. మీనా బజార్‌లో అమ్మ అదే ఆట అవతలి వైపు నుంచి ఆడేది. ఆమె కొంగు పట్టుకుని నేనూ నేర్చుకున్నాను. బేరంలో నాకొచ్చిన విద్యంతా నడిచిపోవడమే.

హైవే మీద కంపెనీ బస్సుల వెనక ఈదుకుంటూ వెళ్లేసరికి సాయంత్రమైంది. ఏటా వచ్చే జాడీల భాయ్ దగ్గర పెద్దది ఒక్కటే మిగిలింది. అతను ధర చెప్పాడు. నేను సగం అన్నాను.

"సగమా అక్కా? మూత గూడ రాదు ఆ పైసలకు."

"మూత నువ్వే ఉంచుకో భాయ్. జాడీ ఇయ్యి."

నవ్వాడు గానీ దిగలేదు. "అయితే ఉండనియ్" అని నడిచాను.

పక్క దుకాణంలో అక్కర్లేని క్లిప్పులు తిరగేశాను. పిలుపు రాలేదు. ఆ తర్వాతి దాంట్లో ప్లాస్టిక్ డబ్బాల మూతలు తీసి పెట్టాను. రాలేదు. వరస చివర ఢిల్లీ అప్పడాల దుకాణం దాకా వెళ్లి, ఇక నడవడానికి చోటు లేక తిరిగి చూశాను. భాయ్ నన్నే చూస్తున్నాడు. చెయ్యి సగం లేచింది గానీ నోరు మూసే ఉంది. మెడలో ఐడీ కార్డుతో ఒక అమ్మాయి ఆ జాడీ ఎత్తుకుని, స్కాన్ చేయడానికి ఫోన్ తీస్తోంది. బేరం లేదు, ఏమీ లేదు.

"ఓ జాడీల భాయ్, అది నాది. నువ్వన్నంతే ఇస్త," అని అరిచాను.

వరసంతా నా వైపు తిరిగింది. దుకాణదారుల ఇంట్లో పుట్టినవాళ్లు అనకూడని మాట అది. ఆ అమ్మాయి జాడీ దించేసి, "తీస్కోండి ఆంటీ. నేను మొక్క పెట్టడానికి చూసిన," అంది.

అరిచిందెవరని సెక్యూరిటీ అతను పరుగున వచ్చాడు. "కౌన్ చిల్లాయా?"

"నేను కాదు సాబ్, కస్టమర్," అన్నాడు భాయ్.

"కస్టమర్ కా చల్తా హై," అని, కస్టమర్ అరిస్తే తప్పు లేదన్నట్టు అతను వెళ్లిపోయాడు.

"పిలువకపోతివేంది భాయ్?"

భాయ్ తన వెనకనున్న బోర్డు చూపించాడు. గిరాకీని కేకేసి పిలవరాదని రాసి ఉంది. "ఎక్స్‌పో అయింది కదక్కా. పిలిస్తే వచ్చే ఏడు జాగ ఇయ్యరంట. మీరు పోతుంటే నా పానం ఆగలే."

"మరి జెర తగ్గియ్యి."

"నేనన్నంతే అన్నరు గద. బజారంత ఇన్నది."

ఇంట్లో అమ్మ జాడీని వేలితో కొట్టి చెవి పెట్టింది. ఖంగుమంది. ధర అడిగింది. చెప్పాను.

"నడువలేదా?"

"నడిచిన. అప్పడాల కాడిదాంక నడిచిన. పిలువలే." బోర్డు సంగతి చెప్పాను.

అమ్మ పొడిబట్టతో జాడీ లోపలంతా తుడిచింది. "పిలువకుంటే అది మీనా బజార్ ఎట్లయితది? వాళ్లు పెట్టుకున్న పేరే సరిగున్నది," అంది.

ఇన్నేళ్లు ఎవరు నవ్వినా వదలని పేరును అంత తేలిగ్గా వదిలేసింది. ఇచ్చిన ధర కంటే అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. పిలవడానికి ఒక్కడైనా చెయ్యి ఎత్తాడమ్మా అని వాదించబోయాను.

"ముచ్చట తర్వాత. బేసిన్ వంచు," అంది.