ఖాదర్ భాయ్ కటింగ్ బల్ల

నా చేతులకున్న పది వేళ్ల మీద ఒట్టు, ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. వడ్రంగి పనిలో ఇన్నేళ్లు గడిపాక కూడా పది వేళ్లూ మిగుల్చుకున్నవాడు వాటి మీద ఒట్టేశాడంటే తేలిగ్గా తీసుకోకండి.

2022, దసరా ముందు రోజులు. బెంజ్ సర్కిల్ దగ్గర ఓ సందులో నా వర్క్‌షాప్. ఆ ఏడు వాన విజయవాడని వదల్లేదు. గోడలు చెమ్మ, చెక్కలు చెమ్మ, అగ్గిపుల్ల గీస్తే వెలగడం మానేసి మెత్తగా వంగేది. అలాంటి పూట ఖాదర్ భాయ్ గొడుగు విదిలించుకుంటూ లోపలికొచ్చి, ఆ నీళ్లన్నీ నా మిషన్ మీద చిలకరించి, "మేస్త్రి గారూ, ఒక బల్ల కావాలండీ" అన్నాడు.

ఖాదర్ భాయ్ కటింగ్ మాస్టర్. అంటే కుట్టేవాడు కాదు, గుడ్డ మీద సుద్దతో గీసి కత్తెర వేసేవాడు. వన్ టౌన్‌లో వాళ్ల అన్న షాపు. అందులో వాళ్ల నాన్న నాటి బల్లకి అటూ ఇటూ నిలబడి కత్తిరిస్తూనే ఇద్దరూ పెద్దవాళ్లయ్యారు. అన్న కోట్లూ షేర్వాణీలూ తప్ప ముట్టడు. ఈయనకేమో పట్టు జాకెట్ల మీద మనసు. మాటామాటా పెరిగి, ఈయన బయటికొచ్చి ఇటువైపు షాపు చూసుకున్నాడు.

"వచ్చేటప్పుడు మా భాయీజాన్ ఒకే మాటన్నాడండీ. బల్ల లేని మాస్టరువి, నెల తిరక్కుండా ఈ బల్ల దగ్గరికే వస్తావని. శుక్రవారం నమాజు అయ్యాక ఓపెనింగ్. రమ్మని చెప్పి వచ్చాను. వస్తే బోర్డు చూడడు, నా మొహం చూడడు. బల్ల మీద గోరు పెట్టి లాగుతాడు. ఎక్కడన్నా ఆగిందా, నోరు విప్పకుండా చెప్పులేసుకుని వెళ్లిపోతాడు. ఇంక నా గడప తొక్కడు."

"ప్లైవుడ్ వేసి మీద మైకా అతికిస్తాను. గోరు కాదు, బస్సు లాగినా ఆగదు."

"మైకా మీద పట్టు జారిపోతుందండీ, చేపలాగా. టేకే కావాలి."

కత్తెర కింది రెక్క బల్ల మీద ఆనుకుని ముందుకి పాకుతుందట. రెండు పలకలు కలిసే చోట వెంట్రుకంత ఎత్తుపల్లం ఉన్నా రెక్క తగులుకుంటుంది, కోత పక్కకి గెంతుతుంది, ఎవరిదో పెళ్లి జాకెట్టు పోతుంది. కాబట్టి మంచమంత బల్ల, టేకు పలకలు పక్కపక్కన అతికించి, అతుకు కంటికీ గోటికీ తెలియకుండా. సరే అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఈ పనికి నా దగ్గరున్నది హ్యాండ్‌హెల్డ్ మోర్టైజింగ్ జాయినర్. జాయినర్ అని పిలుస్తాం. మోర్టైజ్ అంటే కుసి దూరే బెజ్జం, టెనన్ అంటే కుసి, ఆ బెజ్జంలో బిగిసి రెండు చెక్కల్నీ పట్టి ఉంచే ముక్క. మా నాన్న ఉలి పెట్టి పూటంతా కొట్టేది ఇది చేతిలో పట్టుకుని నెడితే క్షణంలో అయిపోతుంది. లోపల చిన్న బిట్ గిర్రున తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది, చెక్క అంచులో కోలగా బెజ్జం పడుతుంది. ఎదుటి పలకకీ అలాగే వేసి, మధ్యలో లూజ్ టెనన్ అనే రెడీమేడ్ కుసి జిగురుతో దూరుస్తాం. మొదటి బెజ్జం బిగుతుగా వేసి, మిగతావి కాస్త వెడల్పు చేసుకుంటే పలకల్ని బారునా జరిపి సరిచేసుకునే వీలుంటుంది.

దీని ప్రాణమంతా ఫెన్స్‌లో ఉంది. ఫెన్స్ అంటే పలక పైముఖం మీద ఆనే ఇనప రేకు. దాని ఎత్తు పలక మందంలో సరిగ్గా సగానికి ఉండక్కర్లేదు. అన్ని పలకలకీ పైకి వచ్చే ముఖం మీదే ఆనిస్తే చాలు, బెజ్జాలన్నీ ఒకే మట్టంలో వస్తాయి. ఒక పలక తిరగబడిందా, అతుకు దగ్గర మెట్టు లేస్తుంది. అందుకే పైముఖం మీద సుద్దతో టిక్కు పెట్టుకుంటాం. రెండువైపులా చిత్రిక పట్టి నునుపు చేసిన టేకుకి పని హడావుడిలో ఏ ముఖం ఏదో తెలీదు.

ఇక ఖాదర్ భాయ్. రోజూ వచ్చేవాడు. వచ్చి కూర్చునేవాడు కూడా కాదు, నా మోచేతి పక్కన నిలబడేవాడు.

"మేస్త్రి గారూ, ఈ పలక దిగులుగా ఉందండీ."

"చెక్కకి దిగులేంటి భాయ్!"

"పక్కదాని మొహం చూడండి, ఎంత కళగా ఉందో."

జాయినర్ మీద బెజ్జం వెడల్పు మార్చే డయల్ చూసి, ఇదేంటి అని చెయ్యి పెట్టబోయేవాడు. మోటారు తిరుగుతుండగానే దాన్ని తిప్పాలి, ఆగి ఉన్నప్పుడు తిప్పితే లోపల పళ్లు పోతాయి అంటే, "మా మిషన్లకి ఈ రోగం లేదండీ" అనేవాడు. ఆ చూపుడువేలి గోరు సంగతి చెప్పాలి. కళ్లు మూసుకుని, పేపరు మీద ఆ గోరు నడిపించి హెడ్డింగు చదివాడు మనిషి. ఎదురుగా ఉన్న టీ కొట్టాయన్ని అడగండి. వార్నిష్ మీద దోమ కాళ్లు తుడుచుకున్నా ఆ గోటికి తెలుస్తుంది.

బుధవారం పొద్దున పలకలకి టిక్కులు పెడుతున్నాను. చేతిలో చాక్‌పీసు చెమ్మకి ముద్దయిపోయింది. ఖాదర్ భాయ్ జేబులోంచి తన సుద్ద తీసిచ్చాడు. మనిషి పనికొచ్చాడే అని సంతోషించాను. సగం పలకలు అయ్యాయో లేదో, మైలవరం నుంచి ఫోను, అక్కడ నేను బిగించిన తలుపు వానకి ఉబ్బి మూసుకోవడం లేదని. సిగ్నల్ కోసం బయటికెళ్లి, తలుపు ఉబ్బడంలో నా పాపం లేదని చెప్పుకుని వచ్చేసరికి పలకలన్నిటికీ టిక్కులున్నాయి. అదే సుద్ద, అవే టిక్కులు. నేనే పెట్టి మర్చిపోయాననుకున్నాను. ఖాదర్ భాయ్ మొహం మాత్రం పెళ్లిలో వడ్డన చేసినవాడిలా వెలిగిపోతోంది. అప్పుడే అనుమానపడాల్సింది.

మధ్యాహ్నానికి బెజ్జాలన్నీ వేశాను. జిగురు లేకుండా ఒకసారి కూర్చి చూసుకోవడం మా అలవాటు, డ్రై ఫిట్ అంటాం. టిక్కుల వైపు చూడకుండా, కళగా ఉన్న ముఖాలు పైకి వచ్చేలా కూర్చాను. బల్ల కాదు, ప్రకాశం బ్యారేజీ మెట్లు! ఒక పలక పైకి, ఒక పలక కిందికి. ఖాదర్ భాయ్ గోరు పెట్టబోయి, అవసరం లేదని వెనక్కి తీసుకున్నాడు.

ఒక్కో పలకా ఊడదీసి చూశాను. సగానికి టిక్కు మంచి ముఖం మీద ఉంది. మిగతా సగానికి ముడుల వైపు, గీతలు చెదిరిన వైపు ఉంది.

"భాయ్, వీటికి టిక్కులు ఎవరు పెట్టారు?"

"నేనేనండీ. మీరు ఫోన్లో ఉన్నారు కదా, సాయం చేద్దామని."

"పాడు వైపు పెట్టారేంటి?"

"మరి గుర్తు ఉల్టా వైపే కదండీ పెడతారు!" అన్నాడు, నాకు మతిపోయిందేమో అన్నట్టు చూస్తూ. "సీదా వైపు సుద్ద గీస్తే కస్టమర్ చొక్కా మీద కనపడదూ? మీరు టిక్కు పెట్టిన పలకలు తిప్పి చూశాను, అటువైపు కూడా బానే ఉంది. అదే సీదా అనుకున్నా."

కోపం రావాల్సిన చోట ఆ మనిషి లాజిక్కు అడ్డంగా నిలబడింది. బడిలో పలక పట్టిన రోజు నుంచీ గుర్తంటే మంచి వైపుకే అని నేననుకుంటున్నాను. అక్కడ వన్ టౌన్‌లో సుద్ద పట్టిన రోజు నుంచీ గుర్తంటే దాచే వైపుకే అని ఆయనకి తెలుసు.

"భాయ్, ఇది గుడ్డ కాదు!"

"అందుకేనండీ, మీరు మొదటే చెప్పాల్సింది."

చూశారా, తప్పు నాదయిపోయింది! అరుద్దామని నోరు తెరిచాను. ఆయన నన్ను చూడటం లేదు. మెట్లు మెట్లుగా ఉన్న పలకల మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. "శుక్రవారం రావద్దని చెప్పమంటారా భాయీజాన్‌కి?" అన్నాడు మెల్లగా. నోరు మూసుకుని మిషన్ అందుకున్నాను.

మార్గం ఉంది. పాత బెజ్జాలు అతుకు లోపలే దాక్కుంటాయి కాబట్టి వాటి జోలికి పోకుండా, వాటి మధ్య ఖాళీల్లో కొత్తవి వేసుకోవచ్చు. ఈసారి పలకల మీద సుద్దంతా తుడిచేసి, మంచి ముఖం మీద పెన్సిల్‌తో 'పైకి' అని తెలుగులో రాశాను. ఖాదర్ భాయ్ చేత చదివించాను కూడా. ప్రతి పలకకీ. "పైకి. పైకి. పైకి. చాలాండీ?" అన్నాడు.

బెజ్జాలు బ్రహ్మాండంగా వచ్చాయి. కుసులు దూరలేదు. ఈ టెనన్లు బీచ్ అనే విదేశీ చెక్క, నీరంటే దానికి మహా ఆశ. పొద్దున దూరినవే సాయంత్రానికి వానగాలికి ఉబ్బి కూర్చున్నాయి. సుత్తితో కొడితే పలక చీలుతుంది, ఎండలో పెడదామంటే ఎండే లేదు. స్టూలు మీద కూలబడ్డాను.

ఖాదర్ భాయ్ ఒక టెనన్ తీసుకుని, గోరుతో నొక్కి, వాసన చూశాడు. "ఉన్నికోటు తడిస్తే ఇంతేనండీ" అని గొడుగు కూడా తీసుకోకుండా వెళ్లి, తన కొత్త షాపులోంచి ఇస్త్రీ పెట్టె మోసుకొచ్చాడు. ఇటుకంత బరువున్న పాతకాలపు పెట్టె. టెనన్లని వరసగా పేర్చి, మీద పాత గుడ్డ పరిచి, షేర్వాణీ కాలరు వత్తినట్టు వత్తాడు. బుస్సుమని ఆవిరి లేచింది. తిరగేసి మళ్లీ వత్తాడు. చల్లారాక ఒకటి తీసి బెజ్జంలో పెట్టాను. వేలితో నెడితే జారుకుంటూ వెళ్లి కూర్చుంది. మళ్లీ చెమ్మ పట్టేలోపు అన్నిటికీ జిగురు రాసి, పలకలు కలిపి, క్లాంపులు బిగించాను. నా వృత్తిలో కుసులకి ఇస్త్రీ చేయించిన బల్ల అదొక్కటే.

శుక్రవారం ఓపెనింగ్‌కి ఆయన అన్న వచ్చాడు. తెల్ల గడ్డం, చంకలో సంచీ. అనుకున్నట్టే బోర్డు చూడలేదు, తమ్ముడి మొహమూ చూడలేదు. బల్ల ఈ చివర గోరు ఆనించి, అతుకులన్నిటి మీదుగా ఆ చివరిదాకా లాగాడు. ఎక్కడా ఆగలేదు. వెనక్కి లాగాడు. ఆగలేదు. పెద్దాయన ఒక్క మాట అనలేదు. చెప్పులూ వేసుకోలేదు. సంచీలోంచి తన కత్తెర తీసి, తమ్ముడికి ఎదురు మూలన బల్ల మీద పెట్టాడు.

ఈ కేసు నాకు నేర్పిందేంటంటే, గుర్తు అనేది పెట్టినవాడికే తెలుస్తుంది. అందుకే ఇప్పుడు టిక్కులు మానేసి మాట రాస్తున్నాను. రెండోది, కస్టమర్ వర్క్‌షాపులో ఉన్నంతసేపూ ఆయన చేతిలో టీ గ్లాసు ఖాళీ కాకుండా చూసుకుంటున్నాను. సాయం చేసే చెయ్యి అంత ప్రమాదకరమైంది ఇంకోటి లేదు.

ఇక ఒట్టు సంగతి. పది వేళ్లూ నాకు కావాలి కాబట్టి చెప్పేస్తున్నాను. సుద్ద నిజం, మెట్లు నిజం, ఇస్త్రీ నిజం, ఆ దోమ కూడా నిజం. అన్న రావడం ఒక్కటే నేను కల్పించాను. ఆయన రాలేదు. పంచిన మిఠాయి అయిపోయేదాకా ఖాదర్ భాయ్ గుమ్మం వైపే చూస్తూ నిలబడ్డాడు.

ఇది రాసేముందు ప్యాంటు కొలతలకి ఖాదర్ భాయ్ షాపుకి వెళ్లి అడిగాను, మీ అన్న వచ్చినట్టు రాసుకోనా అని. కత్తెర ఆపకుండానే అన్నాడు, "రాయండి మేస్త్రి గారూ. బల్ల బాగుందన్నట్టు మాత్రం రాయకండి. మా భాయీజాన్ అలా అనడు, ఎవరూ నమ్మరు."

"అయితే కత్తెర పెట్టినట్టు రాస్తాను. ఏ మూల పెట్టాడందాం?"

తనకి ఎదురు మూల చూపించాడు. బల్లంతా జాకెట్ల కుప్పలు, ఆ మూల దారప్పోగు కూడా లేదు. వెళ్లినప్పుడల్లా నా టీ గ్లాసు అక్కడే పెడతాను. ప్రతిసారీ ఆయన తీసి ఇవతల పెడతాడు. మరకలు పడతాయని కాబోలు అనుకుని ఇన్నాళ్లూ విసుక్కునేవాణ్ణి.