ఇప్పచెట్టు కింద ఎలుగుబంటి

ఆ రోజుల్లో నాకు భయం లేని వస్తువు ఈ భూమ్మీద పుస్తకం ఒక్కటే. (ఆ రోజులంటే మరీ పాతవేం కాదు, ఏడేళ్ల కిందటి మాట. ఇరవై ఏడేళ్లకే ‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టడం లేని పెద్దరికం తెచ్చుకున్నట్టే ఉంటుంది గాని, అప్పటి నన్ను తలుచుకుంటే ఎవరో దూరపు చుట్టాల పిల్లను తలుచుకున్నట్టే ఉంటుంది.) బస్సు మా స్టేజీ దాటిపోతున్నా ‘ఆపండి’ అనడానికి నోరు రాక, తర్వాతి స్టేజీలో దిగి వెనక్కి నడిచి వచ్చేదాన్ని. క్లాసులో నేను ‘ప్రెజెంట్ సార్’ అన్న మాట మొదటి బెంచీ దాటేది కాదు. మూడో వరుసలో బుద్ధిగా కూర్చున్న పిల్లకు నెలలో సగం రోజులు ఆబ్సెంటు పడేది. అది తప్పని చెప్పడానికీ భయమే. ఇంటికి వచ్చి డైరీలో మాత్రం ‘నేను ఈరోజు కాలేజీకి వెళ్లాను’ అని రాసుకునేదాన్ని.

ఇట్లాంటి పిల్ల అడవిలో గుడారం వేసుకొని పక్షుల గూళ్లు చూడటానికి ఎట్లా వెళ్లిందని మీరు అడగవచ్చు. అదీ భయం వల్లనే. జనగామలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు మా జువాలజీ సార్ ఒకరోజు క్లాసుకు వచ్చి, గూడూరు దిక్కు అడవి అంచున రెండు రోజుల క్యాంపు ఉందని చెప్పి, “రానోళ్లు చేతులెత్తుండ్రి” అన్నారు. వచ్చేవాళ్లను ఎత్తమంటే నేను హాయిగా తప్పించుకునేదాన్ని. రానివాళ్లను ఎత్తమన్నారు. అంతమందిలో చెయ్యి ఎత్తడం కన్నా అడవికి పోవడమే సులువని ఆ నిమిషంలో అనిపించింది. నా పేరు రాసుకున్నారు.

స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర మా ఊళ్లో ఈ కబురు చెబితే నాయిన తన పెద్ద నల్ల గొడుగు తెచ్చి చేతికిచ్చాడు. “ఎండకు పనికొస్తది, వానకు పనికొస్తది, ఏదన్న మీదికొస్తె కొట్టనీకి గూడ పనికొస్తది” అన్నాడు. ఆ మూడో మాట నాకు నచ్చలేదు. అమ్మ నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. పాముల నుంచి, తేళ్ల నుంచి, ఎలుగుబంట్ల నుంచి, తెల్వని చెట్ల కాయల నుంచి, వాగు నీళ్ల నుంచి నా బిడ్డను కాపాడు ప్రభువా అని ఒక్కొక్కటే పేరు పెట్టి చెప్పేసరికి, అంతవరకు నాకు తోచని భయాలు కూడా వరసగా తోచాయి. ఆమెన్ అనేటప్పుడు నా గొంతు వణికింది. అమ్మ అది భక్తి అనుకుంది.

క్యాంపులో ఒక్కో గూటికి ఇద్దరిని వేశారు. నాకు జోడీ మా క్లాసులో అందరూ ‘రేడియో’ అని పిలిచే అమ్మాయి. ఆమె నోరు మూసుకోవడం నేను చూసింది రెండుసార్లే, రెండుసార్లూ పంటి నొప్పే. మాకు ఇచ్చిన గూడు ఒక ఇప్పచెట్టు తొర్రలో ఉంది. సార్ అరగంట పరిశీలించి, “నీతోని గాదమ్మా, నువ్వు గిజిగాళ్ల దగ్గరికి పో, అవ్విట్లనే లొల్లి పెడుతుంటయి” అని రేడియోను పంపేసి, నా వైపు తిరిగి, “నువ్వయితె చప్పుడు చెయ్యవు. ఈ గూడు నీదే” అన్నారు. పుట్టిన తర్వాత నా మౌనానికి దక్కిన మొదటి మెచ్చుకోలు అది. దానికి బహుమానం, అడవి అంచున నేనొక్కదాన్నే కూర్చోవడం. గుడారాలు వంద అడుగుల్లోనే ఉన్నాయి, వంట పొగ కూడా కనిపిస్తూనే ఉంది. మెడలో వేసుకొమ్మని ఒక విజిల్ కూడా ఇచ్చారు. ఏదైనా అయితే ఊదమన్నారు. (విజిల్ ఊదితే అందరూ నన్నే చూస్తారు. అంతకన్నా ఆ ఏదైనా అవడమే నయం.)

ఆ గూడు కథ సార్ చెప్పిన తీరు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అది హార్న్‌బిల్, ముక్కు మీద కొమ్ములాంటిది ఉండే బూడిదరంగు పక్షి. ఆడది తొర్రలోకి దూరి, తన రెట్టతోనూ మట్టితోనూ ద్వారం తానే మూసేసుకుంటుంది, ముక్కు పట్టేంత చీలిక మాత్రం వదిలి. లోపలే గుడ్లు పెడుతుంది, రెక్కల ఈకలు రాల్చుకుంటుంది. ఇక ఎగరలేదు. మగది పండ్లు గొంతులో దాచుకొని తెచ్చి, ఒక్కొక్కటిగా ఆ చీలికలో అందిస్తుంది. “మొగదానికేమన్నా అయిందనుకో, లోపలున్నయి లోపల్నే పోతయి” అన్నారు సార్ గడియారం చూసుకుంటూ. ఆయనకు అది పాఠం. నాకు మాత్రం ఆ తొర్రలో ఉన్నదాని ప్రాణం నా చేతిలోని నోటుబుక్కుకు కట్టేసినట్టు అనిపించింది.

చెట్టుకు ముప్పై అడుగుల దూరంలో ఒక పొద వెనుక కూర్చొని, కదలకుండా చూసి, వచ్చిన వేళ, తెచ్చిన పండ్లు రాయాలి. మొదటిరోజు ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా మగపక్షి నాలుగుసార్లు వచ్చింది. చెట్టు బెరడు పట్టుకొని నిలబడి, మెడ వెనక్కి ఒకసారి ఎగరేసి, గొంతులోంచి ఒక మేడిపండు ముక్కు చివరికి తెచ్చేది. చీలికలోంచి ఇంకో ముక్కు మొన బయటికి వచ్చి దాన్ని అందుకునేది. ఏడు పండ్లు, తొమ్మిది పండ్లు, ఆరు, మళ్లీ తొమ్మిది. ఆ మూడు గంటలు నాకు భయమన్న సంగతే గుర్తు లేదు.

తొమ్మిదింటికి రేడియో ఉప్మా తెచ్చింది. నా పక్కన కూలబడి, “ఓసినీ, ఇప్పచెట్టు దగ్గర ఒక్కదానివే కూసున్నవా? ఎలుగులకు ఇప్పపువ్వంటె పానమంట. నిన్న బస్సుల ఒకాయన చెప్పిండు. ఎన్కనుంచి వస్తయంట. చప్పుడే కాదంట. మొగంమీదనే కొడుతదంట” అని అన్ని వివరాలూ చెప్పి, “సరేమరి, బుగులు పడకు” అని వెళ్లిపోయింది. ఇప్పపువ్వు రాలే రోజులే అవి. చెట్టు కిందంతా తెల్లగా పరుచుకొని, తియ్యటి పులిసిన వాసన వేస్తోంది. నా వీపు వెనుకంతా అడవి. ఎండుటాకు కదిలితే చాలు, తల వెనక్కి తిప్పి చూస్తున్నాను. అయిదు నిమిషాలు ఓర్చుకున్నాను. తర్వాత నోటుబుక్కు, గొడుగు పట్టుకొని వెళ్లి నేరుగా ఇప్పచెట్టు మొదట్లో, మానుకు వీపు ఆనించి కూర్చున్నాను. వెనుక నుంచి వచ్చేదానికి ఇక దారి లేదు. ముందు నుంచి వస్తే కనీసం చూసి చస్తాను.

కూర్చున్న కాసేపటికే నెత్తి మీద చల్లగా పడింది. లోపలి ఇల్లాలు ఇల్లు శుభ్రంగా ఉంచుకునే మనిషి; తోకను చీలిక వైపు తిప్పి రెట్టంతా బయటికే వేస్తుందని సార్ చెప్పనే చెప్పారు. నేను గొడుగు విప్పుకున్నాను. ఇక నన్ను పట్టుకునేవాళ్లు లేరు.

మగపక్షి రాలేదు. పది అయింది, పదకొండయింది. సాయంత్రం మళ్లీ మూడు గంటల నుంచి గొడుగు కింద కూర్చున్నాను. రాలేదు. పైన లోపలి నుంచి ముక్కుతో గోడను తట్టిన చప్పుడు, మధ్యమధ్య సన్నటి కీచు అరుపు. ‘మగ పక్షి రాలేదు’ అని గంటకొకసారి రాశాను. సార్ అడిగితే, “వస్తోంది సార్” అన్నాను. రాలేదంటే ఎక్కడ కూర్చున్నావని అడుగుతారు. ఎందుకక్కడ అంటే ఎలుగుబంటి అని చెప్పాలి. అందరి ముందు ఆ మాట ఎట్లా అనడం? ఆ రాత్రి గుడారంలో నేను భయపడింది ఎలుగుకు కాదు. చీకట్లో మూసిన తొర్రలో, ఆకలితో, ఈకల్లేకుండా ఉన్న ఒక ప్రాణం సంగతి తెలిసింది నాకొక్కదానికే. తెలిసీ నోరు మూసుకున్నాను.

రెండోరోజు ఉదయం ఆరు నుంచి పది దాకా మళ్లీ అదే. నా లెక్కలో లోపలివాళ్లు తిని పూర్తిగా ఒక రోజు దాటింది. మగది చచ్చిపోయిందని రూఢి చేసుకున్నాను. ఇక ఆ సంసారానికి దిక్కు నేనే. దగ్గర్లో మేడిచెట్టు కింద రాలిన పండ్లు చున్నీలో ఏరుకొచ్చాను. తొర్ర రెండు నిలువుల ఎత్తులో ఉంది. గొడుగు మూసి, దాని కొసకు ఒక పండు గుచ్చి, మునికాళ్ల మీద లేచి పైకి చాచాను. అందలేదు. విసిరితే? మొదటిది బెరడుకు తగిలి నా నుదుటి మీద పడింది. రెండోది ఎటో పోయింది. మూడోది విసురుతూ, “తల్లీ, జర నోరు తెరువు” అని ఏడుపు గొంతుతో అంటుండగా వెనుక మాట వినిపించింది.

“ఏం జేస్తున్నవ్ బిడ్డా?”

క్యాంపులో మాకు వంట చేసే అవ్వ. పక్క గూడెం ఆమెది. నీళ్ల బిందె చంకలో పెట్టుకొని నిలబడి ఉంది.

“పండ్లు పెడుతున్న అవ్వా.”

“ఎవలికి? చెట్టుకా?”

“లోపల పిట్టకు. మొగపిట్ట వస్తలేదవ్వా. నిన్న పొద్దటి సంది రాలేదు. సచ్చిపోయినట్టుంది.” సార్‌కు చెప్పలేని మాట ఆమెకు చెప్పేసరికి ఏడుపు తన్నుకొచ్చింది.

అవ్వ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. తర్వాత గడ్డంతో ఎదురుగా ఉన్న తునికిచెట్టు వైపు చూపించింది. “మరి గాడున్నదేంది?”

ఆకుల మధ్య కొమ్మ మీద, ముక్కు చివర ఎర్రటి పండు పట్టుకొని, మెడ ఒక పక్కకు వంచి, మగపక్షి నా వైపే చూస్తోంది.

“పొద్దున నీళ్లకు పోయేటప్పుడు గాడనే ఉన్నది. గిప్పుడు వచ్చేటప్పుడు గాడనే ఉన్నది. నిన్ను జూసి దానికి బుగులైతాంది.”

“నన్ను చూసా?”

“నిన్నుగాక నన్నా? ఇంత నల్ల గొడుగేసుకొని గూటి కిందనే ఎలుగుబంటి లెక్క కూసుంటివి. నువ్వు బువ్వకు పోయినప్పుడు, పొద్దుగూకినంక దొంగలెక్క వచ్చి పెట్టి పోతాంది పాపం. లేకుంటె లోపలిది గట్ల అరుస్తదా, పానం లేకుండ?”

“మీరు గూడ ఇప్పపువ్వు ఏరుకోవడానికి వస్తరు గదా అవ్వా” అన్నాను, ఎలాగైనా గెలుద్దామని.

“వస్తం, ఏరుకొని పోతం. గీడనే కాపురం పెట్టం గదా. లెవ్వు బిడ్డా, లేసి జర దూరం పో. దాని ఇంటికి దాన్ని పోనియ్యి.”

నేను పుట్టి ఇరవయ్యేళ్లు. నన్ను చూసి ఎవరైనా భయపడగలరన్న సంగతి నాకు అంతవరకు తెలియదు. పిల్లి కూడా నా పక్కనుంచే తీరిగ్గా నడిచిపోయేది. సిగ్గుతో గొడుగు మూసి, వంగి వంగి మళ్లీ పొద వెనక్కి వెళ్లాను. అవ్వ బిందె ఎత్తుకొని వెళ్లిపోయింది. వీపు వెనుక మళ్లీ అడవంతా మిగిలింది.

పక్షి కదల్లేదు. నేనూ కదల్లేదు. నాలుగు నిమిషాలయ్యాక నా వెనుక ఎండుటాకులు చప్పుడు చేశాయి. ఆగి, మళ్లీ చప్పుడు. ఏదో నడుస్తోంది. మనిషి నడకలా లేదు. దగ్గరికొచ్చింది. విజిల్ చేతికి తగులుతోంది, కాళ్లు లేవమంటున్నాయి. తిరిగి చూస్తే ఎదుటి పక్షి ఎగిరిపోతుంది. తిరగకపోతే మొగంమీద కొట్టేది వచ్చేస్తుంది. కళ్లలోంచి నీళ్లు వాటంతటవే కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తలేదు. మనసులో అమ్మ చేసిన ప్రార్థన మొత్తం ఒకసారి అప్పచెప్పుకున్నాను. మొత్తం పదకొండు నిమిషాలు. అప్పుడు కొమ్మ ఒకసారి ఊగింది. బూడిదరంగు రెక్కలు బరువుగా చప్పుడు చేస్తూ ఖాళీ జాగా దాటి, ఇప్పచెట్టు బెరడుకు అతుక్కున్నాయి. చీలికలోంచి ముక్కు మొన ఆత్రంగా బయటికి వచ్చింది. ఒకటి, రెండు, మూడు... పదమూడు పండ్లు లెక్కపెట్టాను. కన్నీళ్లలో ఒకటీ అరా అటూ ఇటూ అయి ఉండవచ్చు. పక్షి వెళ్లిపోయేసరికి వెనుక చప్పుడు కూడా ఎటో పోయింది. అది దేనిదో నేను చూడలేదు. ఎండుటాకుల్లో గెంతే పిట్టలు అంత చప్పుడూ చేస్తాయని తర్వాత చదివాను. అవే అయి ఉండాలని ఇప్పటికీ కోరుకుంటున్నాను.

మధ్యాహ్నం బస్సెక్కే ముందు అందరినీ నిలబెట్టి రాసినవి చదివించారు. నా వంతు వచ్చింది. సార్ పేజీ తిప్పి, “తొమ్మిదింటి సంది రాలేదని రాసినవు. అడిగితె వస్తాందంటివి. ఎందుకు రాలేదు?” అన్నారు. చుట్టూ ముప్పై ముఖాలు. కాళ్ల కిందికి చూస్తూ, “నేనే సార్. దగ్గరికి పోయి కూసున్న. నన్ను చూసి బుగులుపడ్డది” అన్నాను.

“ఎవలు, నిన్ను చూసా?” అని రేడియో అరిచిన అరుపుకు గుడారాలు కూలినంత నవ్వు లేచింది. సార్ కూడా నవ్వారు. తర్వాత కలం తీసి, నా నోటుబుక్కులో కొట్టివేస్తారేమో అనుకుంటే, కొట్టివేయలేదు. ‘రాకపోవడానికి కారణం: చూసేవాళ్లు’ అని ఆ వరుస పక్కన రాసి సంతకం పెట్టారు.

నేనిప్పుడు తొర్రూరులో ఒక స్కూల్లో సైన్సు చెబుతున్నాను. బస్సు ఆపమని అరవగలను, రానివాళ్లు చెయ్యెత్తమంటే ఎత్తగలను. మొన్న పాత నోటుబుక్కు తీస్తే ఆ పేజీ కనిపించింది. ‘పదమూడు’ అన్న అంకె దగ్గర సిరా అలుక్కుపోయి ఉంది. ఆ భయస్తురాలిని చూసి చాలాసేపు నవ్వుకున్నాను. ఆ సాయంత్రమే మా స్కూలు గోడ పక్క చెట్టు మీద ఏదో పిట్ట గూడు కడుతుంటే చూద్దామని కూర్చున్నాను. పది నిమిషాల్లో రెండుసార్లు ఫోన్ చూశాను, ఒకసారి లేచి నీళ్లు తాగాను, తిరిగి వచ్చేసరికి పిట్ట లేదు. వెనుక ఏ అడవీ లేదు, ఏ చప్పుడూ లేదు. అయినా ఆ పిల్ల కూర్చున్నట్టు కూర్చోవడం నాకు చేతకాలేదు.