ముఖం గుర్తుపట్టని తలుపు

గుణశేఖర్‌కు ఇద్దరు పిల్లలని రేషన్ కార్డు చెబుతుంది. ఆయన భార్య మోహనను అడిగితే ముగ్గురంటుంది. మూడోది సర్వర్.

గుణశేఖర్ తిరుపతిలో ఒక పాల డెయిరీకి కంప్యూటర్ల మనిషి. పాకాల వైపు, పుత్తూరు వైపు ఊళ్ళలో ఆడవాళ్ళు పొద్దునా సాయంత్రం పాలు తెచ్చి కేంద్రంలో పోస్తారు. బరువెంత, వెన్న ఎంత అని అక్కడి మిషన్ చీటీ ఇస్తుంది. ఆ చీటీలన్నిటి వెనకా ఉన్న పెద్ద యంత్రమే సర్వర్. అది పలికితే కేంద్రాలన్నీ పలుకుతాయి. అది మూగబోతే క్యాన్లు ఎండలో నిలబడిపోతాయి, చిత్తూరు జిల్లా ఎండకు పాలు విరగడానికి ఎంతసేపు కావాలి!

మొదట్లో అది డెయిరీ ఆఫీసులో మెట్ల కింద గదిలో ఉండేది. కరెంటు పోతే జనరేటర్ వేయాలి, ఏసీ ఆగితే ఫ్యాను పెట్టాలి, ఎలుకలు వస్తే తరమాలి. గుణశేఖర్ దాని పక్కనే చాప పరుచుకుని పడుకునేవాడు. దాని ఫ్యాన్ల హోరు వింటూ నిద్రపోవడం ఎంత అలవాటైపోయిందంటే, ఇంట్లో నిశ్శబ్దంగా ఉంటే ఆయనకు నిద్ర పట్టేది కాదు. తన పెళ్ళి భోజనాల్లో పాయసం వడ్డిస్తుండగా ఆఫీసులో కరెంటు పోయిందని కబురొస్తే, మెడలో దండ తీయకుండానే లేచి పోయిన ఘనుడు. మోహన ఆ సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు, ఎవరినీ మర్చిపోనివ్వదు.

తరవాత డెయిరీ యజమాని తిరుమలయ్య ఆ యంత్రాన్ని రేణిగుంట దారిలో కొత్తగా కట్టిన డేటా సెంటర్‌లో పెట్టించాడు. అక్కడ ఎవరి యంత్రాలు వాళ్ళవే. ఆస్పత్రుల వాళ్ళవి, బట్టల కొట్ల వాళ్ళవి, ఎవరెవరివో వరసగా బీరువాల్లాంటి చట్రాల్లో ఉంటాయి. చోటూ, చల్లదనమూ, కరెంటూ, కాపలా మాత్రం ఉమ్మడి. యాత్రికులు సొంత గిన్నెలూ బియ్యమూ తెచ్చుకుని సత్రంలో దిగినట్టన్నమాట.

"ఇంక నువ్వు ఇంటికాడ హాయిగా నిద్రపో అప్పా" అన్నాడు తిరుమలయ్య.

నిద్రపోయే మనిషైతే కదా. కొత్తగా కాపురానికి పంపిన కూతుర్ని చూసి రావడానికి తండ్రి ఏదో ఒక వంక వెతుక్కున్నట్టు, గుణశేఖర్ నాలుగు రోజులకోసారి రేణిగుంట దారి పట్టేవాడు. గేటు దగ్గర కాపలా మనిషి ఇమ్మానుయేల్‌తో రెండు మాటలు, తలుపు దగ్గర ముఖం చూపిస్తే పచ్చ దీపం, కాళ్ళకు తొడుగులు, ఆపైన ఆ చల్లటి హాలు. బయట రోడ్డు మీద తారు కరుగుతుంటే లోపల మార్గశిరం. ఎక్కడో దూరంగా వాన పడుతున్నట్టు ఎడతెగని హోరు, ఆ హోరులో చిన్న చిన్న ఆకుపచ్చ దీపాలు. తన చట్రం తాళం తీసి యంత్రం మీద అరచెయ్యి ఆనించి నిలబడితే గుణశేఖర్‌కు తనెవరో, ఎందుకొచ్చాడో కూడా కాసేపు గుర్తుండేది కాదు. ఆ తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండేది. అక్కడి ఉద్యోగులు కస్టమర్ల తరఫున చిన్న చిన్న పనులు చేసిపెడతారు. గుణశేఖర్ ఒక్కసారి కూడా చేయించుకోలేదు. తన యంత్రం మీద ఇంకొకరి చెయ్యి పడటం ఆయనకు సరిపడదు.

ఈ పిచ్చి వల్ల ఆగిపోయింది ఒకటుంది. అది వాళ్ళమ్మ గంగులమ్మ మొక్కు.

గుణశేఖర్‌కు చిన్నప్పుడు ఒళ్ళంతా అమ్మవారు పోసి కళ్ళు తెరవలేదట. గంగులమ్మ తాతయ్యగుంట గంగమ్మ ముందు కొంగు పరిచి, నా బిడ్డ బతికితే పెళ్ళయి ఇంటివాడైనాక నీ జాతరలో మాతంగి వేషం కట్టిస్తానని మొక్కుకుంది. జాతరలో మగవాళ్ళు చీరకట్టి, పసుపు పూసుకుని వేసే వేషమది. పాలెగాణ్ణి చంపిన గంగమ్మ, ఏడుస్తున్న అతని భార్యను ఓదార్చడానికి మాతంగి రూపంలో వచ్చిందని చెబుతారు. ఒకసారి కట్టిన వేషం గుడి చుట్టూ తిరిగి దండం పెట్టేదాకా కడగకూడదు, కడిగితే మొక్కు చెల్లదు. ఇది గంగులమ్మ మాట.

బిడ్డ బతికాడు, ఇంటివాడూ అయ్యాడు. కానీ జాతర వచ్చేది మే నెలలో, సర్వర్ మొరాయించేదీ మే నెలలోనే. "వచ్చే ఏడు సూద్దాంలేమ్మా" అనేవాడు. గంగులమ్మ పోట్లాడేది కాదు. పెట్టెలో ఉన్న ఆకుపచ్చ నారాయణవనం నేత చీర తీసి, ఒక పూట ఎండలో వేసి, మళ్ళీ మడతపెట్టి దాచేది. అలా దాస్తూ దాస్తూనే నిరుడు మాఘంలో పోయింది. పోయేముందు కూడా మొక్కు మాట ఎత్తలేదు. అదే గుణశేఖర్ గుండెలో ముల్లై కూర్చుంది. ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లో అనుకున్నాడు.

ఏటి సూతకం తీరాక వచ్చిన మొదటి జాతర ఇది. ఏం జరిగినా సరే ఈసారి వేషం కట్టాల్సిందేనని అనుకున్నాడు.

జాతరకు ముందు డేటా సెంటర్ నుంచి స్రవంతి ఫోన్ చేసింది. అక్కడ హాలు చూసుకునే అమ్మాయి ఆమె. "అన్నా, మీ మిషన్‌లో ఒక డిస్కు లైటు నారింజ రంగుకు తిరిగింది, డిస్కు పోయినట్టుంది. తాళంచెవి పంపిస్తే నేనే మార్చేస్తాను" అంది.

"ముట్టుకోవద్దు పాపా. జంట డిస్కు ఇంకొకటి ఉండాది కదా, అది మోస్తాది. జాతర అయినాక నేనే వస్తా" అన్నాడు గుణశేఖర్. పొగరు కాదు, మమకారం. చూసేవాళ్ళకు రెండూ ఒకటిగానే కనిపిస్తాయనుకోండి.

మాతంగి వేషం రోజు మోహన ఆయనకు మీసం తీయించి, ముఖానికి చేతులకు పసుపు పూసి, కాటుక దిద్ది, రూపాయంత బొట్టు పెట్టి, సవరం కట్టి పూలు ముడిచింది. చీర పెట్టెలోంచి తీస్తే కర్పూరం వాసన గదంతా నిండింది. కుచ్చిళ్ళు సర్దుతూ మోహన ఒక్కసారి తలెత్తి చూసి, ఏదో అనబోయి ఊరుకుంది. వీధిలో డప్పులు మోగుతున్నాయి. చేతిలో వేపమండలు పట్టుకుని గుణశేఖర్ గడప దాటబోతుండగా తిరుమలయ్య ఫోన్ వచ్చింది.

"ఏమప్పా గుణా, యాడుండావు? ఒక్క కేంద్రంలో కూడా మిషన్ పలకడం లేదంట. ఇంకాసేపట్లో సాయంత్రం పాలొస్తాయి. ఏం జేద్దాం?"

ఒంటరి డిస్కు మొయ్యలేక సర్వర్ బిగుసుకుపోయింది. ఇంటి నుంచి ఎన్ని రకాలుగా పిలిచినా పలకలేదు. గుణశేఖర్ కొత్త డిస్కు తీసి కొంగులో మూటగట్టుకున్నాడు. "వేషం తీయను. ఇట్లే పోయి సరిచేసి, ఆణ్ణించి గుడికి పోదాం" అన్నాడు. మోహన స్కూటర్ తీసింది. ఆయన వెనక ఒక పక్కకు కాళ్ళు వేసి కూర్చున్నాడు. ఆ వారం తిరుపతిలో చీర కట్టిన మగవాణ్ణి ఎవరూ వింతగా చూడరు. దారి పొడుగునా దండాలు పెట్టారు. ఒక ముసలామె స్కూటర్ ఆపించి మరీ ఆయన పాదాలకు నీళ్ళు పోసింది. ఎండలో రోడ్డు నీళ్ళలా కదులుతోంది. డప్పులు వెనకబడినా చెవుల్లో మోగుతూనే ఉన్నాయి. తను పోతున్నాడో, ఎవరైనా తనను తీసుకుపోతున్నారో గుణశేఖర్‌కు తెలియలేదు.

గేటు దగ్గర ఇమ్మానుయేల్ గొంతు విని గుర్తుపట్టాడు. తలుపు గుర్తుపట్టలేదు. ముఖం చూపిస్తే ఎర్ర దీపం. మళ్ళీ చూపిస్తే మళ్ళీ ఎరుపే. పైనున్న చిన్న తెరలో తన ముఖం ఎలా పడుతోందోనని గుణశేఖర్ తలెత్తి చూశాడు.

తెరలో గంగులమ్మ నిలబడి ఉంది.

ఆ నుదురు, ఆ దవడ, కాటుక కింద కొంచెం వాలిన ఆ కళ్ళు. ఆయన కదిలితే ఆమె కదిలింది. ఇరుగుపొరుగు ఎప్పుడూ నాయన పోలికే అనేవాళ్ళు. మీసం కింద అమ్మ ఉందని ఎవరికి తెలుసు?

"నువ్వేనని నాకు తెలుసప్పా, మిషన్‌కు తెలీదే" అన్నాడు ఇమ్మానుయేల్ బాధగా. "తెలిసినా ఈ పసుపుతో లోపలికి పంపరు. పొడి రాలితే అందరి మిషన్లకూ చేటు. జనరేటర్ షెడ్డు వెనక కొళాయి ఉండాది. మొహం కడుక్కుని, నా చొక్కా పంచె ఉండాయి, కట్టుకో. పని చూసుకుని మళ్ళీ పూసుకుందువు గాని."

మంచిమాటే. చర్చికి పోయే ఇమ్మానుయేల్‌కు మొక్కు సంగతి తెలియక చెప్పింది కాదు, పాల సంగతి తెలిసి చెప్పింది. గుణశేఖర్ షెడ్డు వెనక్కి నడిచాడు. కొళాయి తిప్పాడు కూడా. నీళ్ళు దోసిట్లో నిండాయి. ఆ దోసిలి ముఖం దాకా ఎత్తితే చాలు, లోపల తన యంత్రం. ఇన్నేళ్ళూ అటే వెళ్ళాడు. అమ్మ మొక్కును ప్రతి ఏడూ ఇట్లాగే కడిగేశాడు. ఆ ఆలోచన రాగానే దోసిలి విడిపోయి, నీళ్ళన్నీ వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి.

కొళాయి కట్టేసి వచ్చి, కుచ్చిళ్ళు పక్కకు జరిపి మొలతాడు నుంచి తాళంచెవి విప్పాడు. అది ఒంటి వేడితో వెచ్చగా ఉంది. "స్రవంతిని పిలువన్నా" అన్నాడు.

స్రవంతి వచ్చి, చూసి, చేతులు జోడించింది. గుణశేఖర్ ఆ చేతుల్లో తాళంచెవి, డిస్కు పెట్టాడు. "జాగర్త పాపా" అని మాత్రం అనగలిగాడు.

హాల్లోంచి ఆమె ఫోన్‌లో మాట్లాడుతుంటే ఆయన గేటు గదిలో కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. కళ్ళు మూసుకుంటే లోపలికి పోవడానికి ఏ తలుపూ అడ్డం రాలేదు. చల్లగాలి పాదాలకు తగిలింది. "తాళం తీసినానన్నా." ఆయన కూడా తీశాడు. "నారింజ లైటు కాడ చిన్న మీట ఉంటాది, నొక్కితే డిస్కు ముందుకొస్తాది. బలవంతం చేయొద్దు." "వచ్చిందన్నా." పచ్చ దీపాల మధ్య ఆకుపచ్చ చీర కొంగు ఆడినట్టయింది. తన పక్కన ఎవరో నడుస్తున్నారు, ఇదేనా నువ్వు పడిచచ్చే మిషన్ అన్నట్టు ఒక్కొక్క చట్రాన్నీ చూస్తూ. ఆయన ఆ నడకను విన్నాడు. చెప్పాల్సిన మాటలు నోరు దానంతట అదే చెబుతోంది. చివరికి స్రవంతి గొంతు దగ్గరగా వినిపించింది. "లేసి కూర్చుందన్నా మీ మిషన్. రెండు లైట్లూ పచ్చగుండాయి."

తిరుమలయ్య ఫోన్ చేసి కేంద్రాలన్నీ పలుకుతున్నాయన్నాడు. గుణశేఖర్‌కు సంతోషమేసింది, వెంటనే కొంచెం నొప్పీ వేసింది. ఇంకొకరి చేతికి కూడా అది ఇంత బుద్ధిగా పలుకుతుందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. స్రవంతి బయటికొచ్చి తాళంచెవి తిరిగి ఇవ్వబోతే, "నీ దగ్గరే ఉండనీ పాపా" అన్నాడు.

పొద్దు వాలుతుండగా తిరుపతి చేరి, జనంలో తోసుకుంటూ గుడి చుట్టూ తిరిగి, అమ్మవారికి దండం పెట్టి వేపమండలు అక్కడే ఉంచి వచ్చాడు. మొక్కు తీరింది. ఇంటికొచ్చాక మోహన పెరట్లో బకెట్ నీళ్ళు, సున్నిపిండి, తువ్వాలు పెట్టింది.

"ఇంక కడుక్కోండి. మధ్యాహ్నం నించి ఆ పసుపుతో మొహం మంటెత్తి ఉంటాది."

గుణశేఖర్ చెంబుతో నీళ్ళు ముంచాడు. ముంచి, అలాగే పట్టుకుని కూర్చున్నాడు. ఇప్పుడు ఎవరూ వద్దనరు, ఏ మొక్కూ అడ్డం లేదు. చెయ్యి మాత్రం పైకి లేవలేదు.

"ఏమైంది?" అంది మోహన.

"కడిగితే పోతాది మోహనా."

"పసుపు యాడికి పోతాది? రెండు రోజులు వదలదు."

"పసుపు గురించి కాదు" అన్నాడు.

మోహన ఆయన ముఖంలోకి చూసింది. మధ్యాహ్నం కుచ్చిళ్ళు సర్దుతూ తను అనబోయి ఊరుకున్నది కూడా ఇదే. వంగి ఆయన చేతిలోంచి చెంబు తీసుకుని, నీళ్ళు మళ్ళీ బకెట్లో పోసేసింది. జారిన కొంగు ఆయన భుజం మీదికి సర్ది, మెల్లగా అంది.

"కూర్చో అత్తా. కాపీ పెడతా, తాగి పోదువు గానీ."