వీధికి వీపు

నిన్న మధ్యాహ్నం పావగడ బజారులో ఒక పిండి మిషను మిద్దె ఎక్కి, సోలార్ పలకలకు చోటు చూస్తున్నాను. కింద ఎండుమిరపకాయలు ఆడిస్తున్నారు. ఆ ఘాటు మెట్లమీదుగా ఎక్కి వచ్చి నా ముక్కు పట్టుకుంది. యజమానికి ధర చెబుతూ చెబుతూ తుమ్మాను. ఒంటి తుమ్ము. ఆయన వెంటనే చెయ్యి అడ్డం పెట్టి, "ఆగమ్మా, అపశకునం. ఆ ధర ఇంక పనికిరాదు, ఏమన్నా తగ్గించి చెప్పు" అన్నాడు. నాకు కోపం రాలేదు. రత్నమ్మత్త గుర్తొచ్చింది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. వాటిలో మిరపకాయల వాటా ఎంతో చెప్పలేను.

రత్నమ్మత్త మాకు చుట్టం కాదు. మా కిరాణా అంగడికీ ఆమె పిండి మిషనుకూ ఒకటే గోడ. భర్త పోయిన తరువాత మిషను తానే నడిపింది. ఎప్పుడు చూసినా కనుబొమల మీద పిండి, నోటి నిండా మాట. మా నాన్న నాకు తూకం నేర్పితే, నోరు నేర్పింది ఆమె. బేరంలో ధర నచ్చకపోతే కాదనేది కాదు, తుమ్మేది. ఒంటి తుమ్ము పడితే ఎవరైనా ఆగాల్సిందే కదా. ధర దిగేదాకా ఆమెకు రెండో తుమ్ము వచ్చేది కాదు.

మా ఊళ్ళ చుట్టూ పొలాల నిండా సోలార్ పలకలు పరిచినా, బజారులో కరెంటు బిల్లు మాత్రం దిగిరాలేదు. దానికి తోడు ఆమె పాత మోటారు పిండికంటే కరెంటునే ఎక్కువ నమిలేది. హిందూపురం అల్లుడు వచ్చినప్పుడల్లా మిషను మూసి, ఆ గదిని మొబైల్ అంగడికి బాడుగకు ఇచ్చేయమని పోరేవాడు. చివరికి ఆమె మాట ఇచ్చింది. "ఉగాదిలోగా బిల్లు దిగకపోతే మూసేస్తాలే అల్లుడా. అంతవరకూ దీని జోలికి రావాకు." ఆ మాట ఇచ్చాక మిషను మీది పిండిని కొంగుతో తుడిచింది. పండగ పూట కూడా తలుపు తీసి, ఆగిన మిషను పక్కనే కూర్చుని అన్నం తినే మనిషి ఆమె.

బిల్లు దించడానికి తన మిద్దె మీదా పలకలు పెట్టించాలనుకుంది. వాటిని అమ్మే ఆయన తుమకూరు నుంచి వచ్చాడు. ఆమె కావాలనే మిరపకాయలు ఆడించే రోజు రమ్మంది. పాపం, ధర చెప్పినప్పుడల్లా ఆయనే తుమ్మాడు. "సూడప్పా, నీ ధర నీకే పడలేదు" అంది రత్నమ్మత్త. ముందు పాత మోటారు మార్చమన్నాడు, సరేనంది. పలకలు దక్షిణానికి వాలాలన్నాడు, అక్కడే చిక్కొచ్చింది. మిషను ముఖం ఉత్తరానికి, బజారు వైపు.

"దక్షిణాన ఏముండాదప్పా? బర్రెల కొట్టం. బర్రెలకి సూపించేదానికా ఇంత పెట్టి కొంటాండేది? సరుకు ఎప్పుడూ గిరాకీ కంట్లో పడాల."

"అవునత్తా, బస్సు దిగినోళ్ళకి కనపడితే బోర్డు ఖర్చు గూడా మిగులుతాది" అన్నాను నేను. అంతటితో ఊరుకున్నానా? పలకలు ఇంకా నిట్రంగా నిలబెట్టమని పట్టుబట్టి, అందుకు కావలసిన పొడవాటి ఇనుప కాళ్ళను ఉచితంగా సాధించాను. ఆయన ముక్కు తుడుచుకుంటూ అన్నింటికీ తల ఊపి బయటపడ్డాడు. ఆ పూట నా అంత గొప్ప బేరగత్తె తాలూకాలో లేదనుకున్నాను.

చలికాలం గడిచింది. కొత్త మోటారు పుణ్యాన బిల్లు కాస్త తగ్గింది. పలకల పుణ్యాన దాదాపు ఏమీ తగ్గలేదు. ఉగాదికి రెండు నెలలే మిగిలాయి. ఎదురు మిషను తిప్పయ్య రోజూ గుమ్మంలో నిలబడి, "రత్నమ్మక్కా, నీ అద్దాల్లో నా మొగం శానా బాగా కనిపిస్తాది. పొద్దున్నే తల ఆడనే దువ్వుకుంటాండా" అనేవాడు.

ఒకరోజు రాగుల బేరానికి ఇద్దరమూ ఆటోలో బలసముద్రం బయలుదేరాము. దారి పక్కన పలకలు వరుసలు వరుసలుగా ఉన్నాయి. ఆమె ఉన్నట్టుండి "ఆపప్పా" అని ఆటో ఆపించి దిగింది.

"మే, ఇంత పెద్ద అంగడి పెట్టినోళ్ళు రోడ్డుకి వీపు పెట్టినారు సూడు. మరి సరుకు ఎవరికి సూపిస్తాండారు?"

నేను పలకల వాలు వెంట చూపు సాగదీసి, తలెత్తి, కళ్ళు మూసుకున్నాను. దక్షిణాన సూర్యుడు మండుతున్నాడు. ఆమె కూడా తలెత్తింది. తరువాత ఆటో పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"సూర్యుడు గిరాకీ కాదు మే! మనకి సరుకేసేటోడు. ఆయప్ప బండి దొడ్డివాకిట్లో నిలబెట్టుకోని పిలుస్తాంటే, మనం ముందరి వాకిలి తెరుచుకోని కూసున్నాం!"

తుమకూరు ఆయనను మళ్ళీ పిలిచాము, మిరపకాయలు లేని రోజు. ఆమె ఆయనకు మజ్జిగ ఇచ్చి, తిప్పి బిగించే కూలి ఎంతని అడిగింది. చెప్పాడు. నేను అలవాటుగా ముక్కు ఎగబీల్చాను. ఆమె నా కాలు తొక్కింది. "మన తిక్కకి ఆయప్ప యాల తగ్గించాల? తప్పు మనదైనప్పుడు తుమ్మకూడదు మే." ఆ తరువాత తిన్నగా వీధి దాటి, బజారు నవ్వకముందే తానే తిప్పయ్య గుమ్మంలో నిలబడింది. "తిప్పయ్యా, నా అద్దాలు వెనక్కి తిప్పుతాండా. రేపట్నుంచి తల యాడ దువ్వుకుంటావో సూసుకో!" అందరికంటే ముందు ఆమే నవ్వింది.

ఉగాదికి అల్లుడు వచ్చేసరికి బిల్లు బాగా దిగింది. ఆమె ఆయన చేతికి బిల్లిచ్చి, మిషను పక్కనున్న ప్లగ్గు చూపించింది. "మొబైల్ అంగడి అంటివి గదా అల్లుడా. నీ మొబైల్ ఈడ పెట్టుకో. కరెంటు మనదే."

ఆ మిషను పక్కనే అన్నం తింటూ మరెన్నో ఉగాదులు చేసుకుని, ఆమె పోయింది. ఇప్పుడు కూతురు నడుపుతోంది. నేను కిరాణా మా తమ్ముడికి వదిలి, అంగళ్ళ మిద్దెల మీద ఇదే వ్యాపారం చేసుకుంటున్నాను. ఎవరి మిద్దె ఎక్కినా ముందు వీధికి వీపు పెట్టి నిలబడతాను.

నిన్నటి యజమాని కూడా అడగనే అడిగాడు. "పలకలు రోడ్డుకి కనపడేటట్టు పెట్టు తల్లీ." ఆయనను దక్షిణానికి తిరగమన్నాను. "మీకు సరుకేసేటోడు ఆడ నిలబడినాడు సూడన్నా" అన్నాను. ఆయన కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, నవ్వాడు.

"సరే, ఇంతకీ ధర?"

కొంచెం తగ్గించే చెప్పాను. అప్పుడు వచ్చింది రెండో తుమ్ము. తన నోరు గెలిచిందని ఆయన మురిసిపోయాడు. ఆ తగ్గించింది ఆయనకు కాదని, రత్నమ్మత్తకని నేను చెప్పలేదు.