రాయి ఒంగుతుందా అని అడిగిన బయ్యన్న

ఏడో తరగతిలో బయ్యన్నను బడి నుంచి తరిమేసినారు. హిమాలయాలు ముడత పర్వతాలని అయ్యవారు పుస్తకం చూసి చదివితే, "సార్, రాయి యాడన్నా ముడత పడతాదా?" అని అడిగినాడు. వాళ్ల నాయన గోరంట్ల పక్కన బండలు కొట్టేవాడు. బండ పగలడం, చీలడం ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ముడత పడటం ఎవరూ చూడలేదు. అయ్యవారి నోటికన్నా ముందు చెయ్యి వచ్చింది. "రాళ్లు కొట్టేవాని కొడుకువి, నాకే పాఠం చెప్తావా?" అని చెంప వాయగొట్టి పేరు కొట్టేసినాడు. అడిగినవాణ్ణి తన్నడం తెలిసినంతగా మన బడులకు ఇంకోటి తెలియదు.

మరుసటి రోజే బయ్యన్న చేతికి సుత్తి వచ్చింది. నలభై ఐదేండ్లు దించలేదు. గ్రానైటు బండ మీద కట్టెలు పేర్చి మంట పెడతాడు. కాగిన బండ పైపొర లేస్తుంది. సుత్తితో తట్టి, బోలు చప్పుడు ఎంతవరకు పోతుందో విని, అంతవరకు పలక ఎత్తుతాడు. ఆయన దెబ్బ తప్పిందని ఎవరూ అనలేదు. ఆ ప్రశ్న మాత్రం చెంప మీదే ఉండిపోయింది.

పోయిన ఏడాది భార్య మారెమ్మ బదరీనాథ్ యాత్రకు పోతానంటే, ఆమె కన్నా ముందు ఆయన బస్సెక్కినాడు. దేవుని కోసం కాదు. పంచెల మధ్య చిన్న సుత్తి చుట్టి పెట్టుకున్నాడు.

రిషీకేశ్ దాటింది మొదలు ఆయన తల కిటికీ బయటే.

"తల లోపల పెట్టు, లారీ కొట్టుకపోతాది!" అని మారెమ్మ చొక్కా పట్టి లాగుతూనే ఉంది.

పీపల్‌కోటికి ఇవతల టీ కోసం బస్సు ఆగింది. రోడ్డు పక్కన కొండను కోసిన చోట, రాయి పొరలు పొరలుగా పైకి లేచి, వంపు తిరిగి, మళ్లీ కిందికి దిగి ఉంది. ఎక్కడా పగులు లేదు.

"మారీ! ఒంగిండాది! రాయి ఒంగిండాదే!"

టీ గ్లాసులు పట్టుకున్నవాళ్లంతా తిరిగి చూసినారు. బయ్యన్న అప్పటికే గంతులేస్తూ పోయి, కొండకు చెవి ఆనించి, గోరంట్ల బండకు వేసే దెబ్బ ఒకటి వేసినాడు. ఇది ఆ బండ కాదు. అర బండెడు పెళ్లలు జరజరా జారి ఆయన మోకాళ్ల దాకా వచ్చినాయి.

యాత్ర నడిపే హనుమంతరాయుడు లుంగీ ఎగగట్టి పరుగెత్తుకొచ్చినాడు. "ఏమప్పా, హిమాలయాల్నే పడగొడతావా? బస్సెక్కు, లేదంటే ఈడనే ఇడిసిపెట్టి పోతా!"

"పోప్పా! ఇదెట్ల ఒంగిందో తెలీకుండా నేను రాను."

మారెమ్మ నెత్తి కొట్టుకుంది. వాళ్ల అవ్వకు తోడుగా అదే బస్సులో వచ్చిన హరిత ఫక్కున నవ్వి బస్సు దిగింది. హిందూపురం అంగడివాళ్ల పిల్ల, కాలేజీలో రాళ్ల చదువే చదువుతోంది.

"తాతా, ఇది ఒకప్పుడు సముద్రం అడుగు బురద. గట్టిపడి రాయి అయింది. మన దేశం ఉండే నేల ఉత్తరానికి జరిగి జరిగి అవతలి నేలను గుద్దుకుంది. నడిమధ్య ఇరుక్కున్న పొరలు ముడతపడి లేచినాయి. బ్రేకేసినప్పుడు బస్సులో కింద పరిచిన పట్ట ముడత పడతాది చూడు, అట్ల."

"పట్ట ఒంగుతాది పాపా. రాయి పగలాల కదా?"

"పైనుంటే పగులుతాది. ఇది మైళ్ల లోతులో ఉన్నప్పుడు ఒత్తిడి పడింది. ఆ లోతులో అంతా పొయ్యి కాకే. ఏడాదికి బెత్తెడు గూడ జరగదు, లక్షల ఏండ్లు నూకుతానే ఉంటాది."

బయ్యన్న కండ్లు పెద్దవైనాయి. "అంటే బాగా కాగబెట్టి, దెబ్బ వెయ్యకుండా, నిదానంగ నూకినారు! అంతేనా?"

"అంతే తాతా!"

ఇంక ఆయన్ను పట్టేవాళ్లు లేరు. ఆ వంపు వెంబడి అరచేత్తో పైకీ కిందికీ నిమిరినాడు. మారెమ్మను రెండు చేతులా పట్టుకొని రోడ్డు మీదే గిరగిరా తిప్పినాడు. హనుమంతరాయునికి ముద్దు పెట్టబోతే ఆయన బస్సెక్కి తలుపేసుకున్నాడు. అక్కణ్ణుంచి ప్రతి మలుపులో "అదో ఇంకోటి!" అని బస్సంతా కేకలే.

మొన్న గోరంట్ల సంతలో నాకు కనబడి, వంకాయల సంచి కింద పెట్టి మరీ చెప్పినాడు.

"ఆ కొండ ఇంగా లేస్తానే ఉండాదంటప్పా, ఏడాదికి గోరంత! హరిత పాప ఫోన్ చేసి చెప్పింది. మారెమ్మ తిడతాది గానీ, వచ్చే ఎండాకాలం పోయి చూడాల, ఎంత లేసిందో. నువ్వూ రాప్పా!"